ఉస్తాద్ చేతి పానా

"గేర్‌బాక్స్ దించాలి. వస్తావా, రావా?"

నౌషాద్ షెడ్డు ముందు ఆటో దిగీ దిగగానే నేనడిగిన మొదటి మాట ఇది. ఎలా ఉన్నావు, అమ్మ ఎలా ఉంది, ఏమీ లేదు. ఏడాదిగా ముఖం చూడని మనిషితో ఎవరైనా అలా మొదలుపెడతారా అంటే, నేను అలాగే మొదలుపెడతాను. మెత్తగా మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది మరి.

అతను ఒక కారు కింద నుంచి తల బయటపెట్టాడు. నన్ను చూశాడు. మళ్ళీ లోపలికి దూరిపోయాడు.

"ఓయ్! నిన్నే!"

"విన్నాలే. నరసరావుపేట మొత్తం వినింది. ఎవరిది గేర్‌బాక్స్?"

"మాదే. నకరికల్లు దాటగానే మూడో గేరు పడనని మొరాయించింది. పేషెంట్లని వేరే ఆటో ఎక్కించి, రెండో గేరులోనే ఏడ్చుకుంటా ఇంటికి తెచ్చా."

"బండి ఏడ్చిందా, నువ్వేడ్చావా?"

"ఇద్దరం."

నవ్వాడు. బయట చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద వాన చప్పుడు, కింద ఆ నవ్వు. నేను చెప్పాలనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

మా తొమ్మిది సీట్ల డీజిల్ బండే మా ఇంటికి అన్నం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పేషెంట్లని పేట ఆసుపత్రులకు చేరుస్తాం. మా అబ్బాజాన్ ఇక్బాల్ ఒకప్పుడు పేటలో పేరున్న మెకానిక్. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక స్టీరింగు నా చేతికొచ్చింది. ఇప్పుడు గుంటూరు నుంచి తెచ్చిన మంచి గేర్‌బాక్స్ మా వాకిట్లో ఉంది. దాన్ని ఎవరు బిగించాలన్నదే తగాదా. మనమే బిగిద్దామని అబ్బాజాన్, మెకానిక్‌ని పిలుద్దామని నేను.

ఏ మెకానిక్ అంటే, నా మనసులో ఉన్నది ఒక్కడే.

నౌషాద్ మా వాకిట్లోనే పని నేర్చుకున్నాడు. పోయినేడు వాళ్ళమ్మ పీరాంబీ ఖాలాని మా ఇంటికి పంపించి నన్ను పెళ్ళికి అడిగించాడు. "పని నేర్పితే ఇంటి మీదే కన్నేశాడా!" అని అబ్బాజాన్ ఇంతెత్తున లేచాడు. మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగుంటే అక్కడికక్కడే ఖుబూల్, ఒప్పుకున్నా అనేదాన్ని.

"ఉస్తాద్ పిలిచాడా?" నౌషాద్ అడిగాడు.

"నేను పిలుస్తున్నా గదా."

"నువ్వు పిలిస్తే చాలదు జరీనా. అది ఉస్తాద్ బండి. ఆయన చేత్తో నాకు పానా ఇస్తేనే నేను దాని కిందకి దూరేది."

మా మెకానిక్‌లలో ఆ పద్ధతి ఉంది. ఉస్తాద్ సొంత బండి మీద శిష్యుడు చెయ్యి వేయాలంటే, ఉస్తాదే పానా అందివ్వాలి. తగవుపడి వెళ్ళినవాడికి పానా అందిందంటే, మాఫీ దొరికినట్టు.

"పెద్ద నవాబు దిగొచ్చాడండీ!" అన్నాను. "రోషానికేం తక్కువ లేదు."

"ఎవరి దగ్గర నేర్చుకున్నా? మీ నాన్న దగ్గరేగా." చేతులు తుడుచుకుంటూ నా వంక చూడకుండా అన్నాడు, "జరీనా, నీకొక మాట చెప్పాల..."

"ముందు బండి సంగతి తేలనీ. అప్పుడు చెబుదువులే!"

చెంగున ఆటో ఎక్కేశాను. అదేం మాటో నాకు నేనే ఊహించుకున్నాను. ఇంటిదాకా ముసిముసిగా నవ్వుకుంటూనే ఉన్నాను. ఆటో అతను అద్దంలో నన్ను అనుమానంగా చూశాడు.

"నౌషాద్‌ని పిలుద్దాం అబ్బా," ఇంట్లో అడుగుపెడుతూనే అన్నాను.

"ఆ పేరెత్తబాక. నా బండి ఇంకోడి చేతిలో పెట్టటానికి నేనేమన్నా చచ్చానా? నేను చెప్తా, నువ్వు చెయ్యి."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా అబ్బాజాన్ ఉస్తాద్ కూడాను. ఇక ఆయనకు అడ్డేముంది?

పొద్దున్నే గోనెపట్టాలు పరిచి నేను బండి కిందకి దూరాను. అబ్బాజాన్ జాకీ పక్కన కూర్చుని, శబ్దం వింటూ ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో చెప్పాడు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. ఒక్కో బోల్టు ఊడుతుంటే ఆయన గొంతులో పాత హుషారు వచ్చింది. చివరి బోల్టు ఊడింది. పాత గేర్‌బాక్స్ బరువంతా జాకీ మీదికి వచ్చింది.

"ఇప్పుడు మెల్లగా దించుదాం," అని ఆయన జాకీ రాడ్ పట్టుకున్నాడు. కుడిచేత్తో. జన్మంతా అలవాటైన చెయ్యి, అలవాటుగా ముందుకొచ్చింది. ఆ చేతిలో పట్టు లేదని ఆయనే మర్చిపోయాడు.

జాకీ ఒరిగింది. నేను పక్కకి దొర్లాను. నా తల ఉన్నచోట గేర్‌బాక్స్ దభీమని పడింది.

"జరీ! జరీ! పలకవే!"

"బతికే ఉన్నా అబ్బా. అరవబాక."

బయటికి వచ్చి చూద్దును కదా, ఎడమచేత్తో కుడిచేతిని కొట్టుకుంటున్నాడు. "ఇది నా చెయ్యి కాదు... నా బిడ్డని చంపబోయింది... ఇది నా చెయ్యి కాదే..." నేను ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఇంజిన్లు విప్పి బిగించిన చెయ్యి నా ఒళ్ళో చల్లగా పడి ఉంది.

కాసేపటికి ముఖం తుడుచుకున్నాడు. "వాడికి కలుపు," అన్నాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టాను.

"నౌషాదూ, రారా. పానా ఇస్తా."

జోరువానలో తడుస్తూ వచ్చాడు. గడప అవతలే నిలబడిపోయాడు. అబ్బాజాన్ గోడ పట్టుకుని లేచి పానా చాచాడు. "ఎడమ చేత్తో ఇస్తున్నా. ఏమనుకోబాక."

నౌషాద్ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. నా గుండె గంతులేసింది. ఇక తగవంతా తీరిపోయింది, మాకు మంచిరోజులొచ్చాయి అనుకున్నాను.

బండి పైనుంచి పట్టా కట్టి ఇద్దరం కిందకి దూరాం. కొత్త గేర్‌బాక్స్ జాకీ మీద లేపి అతను ముందుకు నెడుతున్నాడు. నేను వెనక షాఫ్ట్ పట్టుకున్నాను.

"తల పక్కకి పెట్టు, జుట్టుకి గ్రీజు అంటుద్ది."

"అంటనీ. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూస్తన్నా గదా."

చెవులు వేడెక్కాయి. "ఏదో మాట చెప్పాలన్నావే?"

"బిగించినాక చెప్తా."

"ఇప్పుడే చెప్పు."

అతను జాకీ ఇంకాస్త లేపాడు. "మాచర్లలో సంబంధం కుదిరింది. అమ్మ మాటిచ్చింది. ఉంగరాలు గూడా మార్చుకున్నాం... షాఫ్ట్ కొంచెం తిప్పు."

తిప్పాను. ఇంకేం చేయను? గేర్‌బాక్స్ మాత్రం చక్కగా జారి దాని చోట్లోకి వెళ్ళి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పైనుంచి అబ్బాజాన్ గొంతు వినిపించింది.

"నౌషాదూ, మీ అమ్మని ఒకసారి రమ్మను. పోయినసారి పాపం టీ గూడా తాగకుండా పోయింది. మళ్ళీ వచ్చి మా జరీని అడగమను. ఈసారి కాదననురా."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మధ్యలో జానెడు దూరం కూడా లేదు.

"ఒక్క మాట అను జరీనా," గుసగుసగా అన్నాడు. "మాచర్ల వాళ్ళకి నేనే చెప్పుకుంటా. తిడితే పడతా."

"ఆ పిల్ల పేరేంది?"

"నజీమా."

"ఫోన్ చేసిద్దా?"

"రోజూ. తిన్నావా అని అడుగుద్ది."

"నువ్వేం చెప్తావ్?"

"తిన్నా అని చెప్తా."

నవ్వొచ్చింది, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి. "ఏడాదంతా నీ ఫోన్ కోసం చూశాను నౌషాద్. చూడటం ఎట్టుంటదో నాకు తెలుసు. ఆ పిల్లకి తెలియనీబాక."

"నేనంటే ఇష్టం లేదా?"

"ఉంది. చానా ఉంది. బోల్టు బిగించు."

"ఏందిరా, ఇద్దరూ పలకరు?" పైనుంచి అబ్బాజాన్. "వినపడలా?"

"వినపడింది అబ్బా," కింద నుంచే చెప్పాను. "నౌషాద్‌కి పెళ్ళి కుదిరిందంట. మాచర్ల అమ్మాయి. పీరాంబీ ఖాలా మనల్ని పిలవటానికి వచ్చిద్దంట."

మా ఇద్దరికీ ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కదలలేదు.

"నేను ఆలస్యం చేశానా బేటీ?"

"లేదబ్బా. పెళ్ళికొడుకు ఎక్కే బండి మనదే. మాచర్ల దాకా నేనే తోలతా."

నౌషాద్ మోచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పైనున్న అబ్బాజాన్‌కి వినపడకూడదని నోట్లో చున్నీ కుక్కుకున్నాను. వాన తగ్గిందాకా ఇద్దరం ఆ బండి కిందే ఉండిపోయాం.