తొమ్మిదో సవరణ

"పదకొండింటికి క్లిప్ వేస్తారు. పంతొమ్మిది సెకన్లు" అన్నాడు చీఫ్. "మీ బావ విదేశీ ముఠావాడికి కవరు అందిస్తున్నట్టు ఉంటుంది. విచారణ సంఘం చూస్తుంది, సంతకం పెడుతుంది. ఆ తర్వాత ఉరి."

ఏజెంట్ నిలబడే విన్నాడు. అతని బావ అదే శాఖలో వైర్‌లెస్ ఆపరేటర్. ఇరవై ఏళ్ళలో ఆఫీసు పెన్ను కూడా ఇంటికి తీసుకెళ్ళని మనిషి.

"బావ అలాంటివాడు కాదు సార్."

"తెలుసు. ముఠా తయారుచేయించిన దొంగ క్లిప్ అది. దాని ప్రాజెక్ట్ ఫైలు ఒక స్టూడియోలో ఉంది. అందులో ఇంతకంటే ఘోరమైన వెర్షన్లున్నాయి. పదకొండున్నరకి సంఘం నిపుణుడు వాటిని అడుగుతాడు. ఈలోపు ఎడిట్ హిస్టరీ మొత్తం తుడిచెయ్యి. చూస్తూ కూర్చోకు. అక్కడ ఒకావిడ ఉంటుంది. మన మనిషే. వాళ్ళ మనిషి కూడా."

పది నలభైకి ఏజెంట్ ఏసీ మెకానిక్ వేషంలో స్టూడియో మూడో అంతస్తు ఎక్కాడు. స్క్రూడ్రైవర్ పిడిలో పెన్ డ్రైవ్ ఉంది. కంప్యూటర్‌కి తగిలిస్తే నిమిషంలో హిస్టరీ ఖాళీ.

తలుపు తీసినావిడ ఎర్ర గౌను పెద్ద విందుకు తగినది. కాళ్ళకి మాత్రం రబ్బరు చెప్పులు.

"ఏసీ కారుతోందటగా?"

"కారడమా? కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది."

సంకేతం సరిపోయింది. అతను పిడి విప్పాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"దేన్ని తుడుస్తున్నారో చూసుకోరూ?"

"టైం లేదు మేడం."

"బోలెడుంది. మా పనిలో ఎవరం ఏదీ తీసెయ్యం మెకానిక్ గారూ. ఆఫ్ చేసి ఉంచుతాం. కస్టమరు ఎలాగూ తిరిగొచ్చి, మొదటిదే బాగుందంటాడు."

ఆమె హిస్టరీ ప్యానెల్ తెరిచింది. క్లిప్ మీద మొత్తం పద్నాలుగు సవరణలు. ఒక్కోదాని పక్కన తేదీ, సమయం, లాగిన్. పద్నాలుగు: రంగు. పదకొండు: మెడ మీద నీడ. తొమ్మిది: ముఖం మార్పు. దాన్ని ఆమోదించిన లాగిన్ చీఫ్‌ది.

పక్క మానిటర్‌లో ఆమె అసలు క్లిప్ వేసింది. కవరు అందిస్తున్నది ఏజెంటే.

ఆ రోజు అతనికి గుర్తుంది. నాలుగేళ్ళ కిందట. కవరులో ఉన్నవి తప్పుడు పటాలు, ముఠాకి ఎర. ఆదేశం చీఫ్‌ది. నోటిమాట. కాగితం లేదు.

"ముఠా మిమ్మల్ని ఇరికించాలని, ఈ స్టూడియోలో క్లిప్ ఉందంటూ సంఘానికి ఉప్పందించింది" అందామె. "మీ చీఫ్‌కి మీరు కావాలి. ఆపరేటర్ పోతే పోనీ అనుకున్నాడు. మీ ఇద్దరి ఒడ్డూ పొడుగూ ఒకటేనటగా."

"ముఖం మార్చిందెవరు?"

"నేనే. చెవి సరిగ్గా కుదర్లేదు."

"తుడవడానికి నన్నే ఎందుకు పంపాడు?"

"తుడిచిన చెయ్యి మీదైతే రేపు నోరెత్తలేరుగా."

పది యాభై తొమ్మిది. విచారణ గదికి స్టూడియో పంపింది ఫైలు కాదు, లింకు. చివరి నిమిషం దాకా మార్పులు చెప్పే కస్టమర్లకు అదే పద్ధతి. ఆ చెవి గురించి చీఫ్ పొద్దున తొమ్మిది దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇక్కడ ఏది మారితే అక్కడి తెర మీద అదే పడుతుంది.

ఏజెంట్ మౌస్ అందుకుని తొమ్మిదో సవరణ ఆఫ్ చేశాడు. దాని మీద ఆధారపడ్డ నీడ, అంచులు వాటంతటవే పోయాయి. అప్‌డేట్ గీత తొంభై శాతం దగ్గర ఆగింది. తొంభై ఆరు. గడియారం పదకొండు చూపించింది. నూరు. తెర మూలన 'ప్లే అవుతోంది' అని వెలిగింది.

ఇరవై నిమిషాలకు అక్క ఫోన్ చేసింది.

"మీ బావని వదిలేశార్రా."

"మంచిది అక్కా."

"విచారణ గదిలో తెర మీద నిన్ను చూశాం. మా ఆయన నీకోసం ఉరికంబం దాకా వెళ్ళొచ్చాడు. ఇక మా గుమ్మం తొక్కకు."

"అక్కా, అది..."

పెట్టేసింది.

కింద జీపులు ఆగిన చప్పుడు. ఏజెంట్ స్క్రూడ్రైవర్ పిడి బిగించి పెట్టెలో పడేశాడు.

"చీఫ్ లాగిన్ పదిలంగానే ఉంది" అందామె. "చదివేవాడుంటే. పోనీ, లింకులో మీ ముఖం మసక చెయ్యనా?"

అతను మానిటర్ వైపు చూశాడు.

"ఉండనివ్వండి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో శాఖ దగ్గర నా ఫొటో ఒక్కటీ లేదు. ఇదైనా బాగా వచ్చింది."