నీళ్లు తాగే పడవ

"అరే ప్రతిభా, తుమ్చీ నావ్ బుడాలీ! మీ పడవ మునిగింది!"

వార్ధా నది ఒడ్డున వినాయక్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. వాడి వెనక ఆరో తరగతి పిల్లలు సగంమంది నవ్వుతున్నారు.

ఒడ్డు పక్కనే, మోకాలి లోతులో, ప్రతిభ వాళ్ల పడవ అంచు దాకా నీళ్లతో నిండి ఉంది.

వానాకాలం నుంచి అది గట్టు మీద బోర్లా పడి ఉండింది. హోళీ కాగానే ప్రతిభ వాళ్ల బాపు తిరుమలేష్ దాన్ని తిరగేశాడు. చెక్కల సందుల్లో దూది కుక్కి, తారు పూశాడు. అంచులకు పచ్చరంగు వేశాడు. గాలాలతో సరదాగా చేపలు పట్టేవాళ్లు ఏటా ఈ పడవనే కిరాయికి తీసుకుంటారు. ఉగాదికి మొదటి ట్రిప్పు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు మధుసూదనరావు దోస్తులతో వస్తానన్నాడు.

అంత సింగారించిన పడవలో బాపు నీళ్లు నింపాడు. "దీని జోలికి పోకు బిడ్డా" అని చెప్పి విరూర్‌లో పెళ్లికి పోయాడు.

"మీ గెస్టులు చేపలు పట్టుడు కాదు, చేపలే మీ గెస్టులను పడ్తయ్!" అన్నాడు వినాయక్.

ప్రతిభ చెవులు ఎర్రబడ్డాయి. బకెట్ తెచ్చి నీళ్లన్నీ తోడిపోసింది. పిల్లలందరితో కలిసి పడవను ఎండలోకి లాగింది. పాత చీరగుడ్డతో తుడిచింది. పచ్చరంగు తళతళలాడింది.

"ఇప్పుడు నవ్వురా!" అంది. వినాయక్ నవ్వలేదు.

మర్నాడు కూడా ఎండ పడవను అప్పడంలా కాల్చింది. సాయంత్రం పెళ్లి నుంచి వచ్చిన బాపు ఎండిన పడవను చూసి గబగబా నీళ్లలోకి నెట్టాడు. సందు సందులోంచి నీళ్లు ఉబికాయి.

"ఇదేంది? నీళ్లు నింపి పోయిన గదా!" బాపు ముఖం వాడిపోయింది. "ఎల్లుండే ఉగాది. పడవ తయారు కాకుంటే సార్లు వేరే పడవ చూసుకుంటరు. ఇగ మన దిక్కు ఎవరొస్తరు?"

ఊళ్లో పిల్లలెవరో తోడేశారని చెప్పేయొచ్చు. కానీ ప్రతిభ బాపు ముందుకొచ్చి నిలబడింది.

"నేనే తోడిన బాపూ. అందరు నవ్వుతుండ్రని."

బాపు పడవను మళ్లీ ఒడ్డుకు లాగాడు. ఆమె వేలు పట్టుకుని చెక్కల సందు మీద పెట్టాడు. గోరు దూరింది.

"ఎండితే చెక్క ముడుచుకుంటది బిడ్డా. నీళ్లు తాగితే ఉబ్బుతది. అప్పుడు చెక్కలు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయ్. ముందుగాల కడుపు నిండ తాగితేనే పడవ తేలుతది."

"మరి ఇప్పుడెట్ల?"

"ఎట్లేంది? మళ్ల తాపాలె!"

బకెట్ మీద బకెట్. పోసినదంతా కారిపోతుంటే ప్రతిభ మళ్లీ పోసింది. పడవ అంచుల మీద తడి గోనెసంచులు కప్పింది. వినాయక్ వచ్చి, "మళ్ల ముంచుతున్నవా?" అన్నాడు.

"ముంచుతలేను, తాపుతున్న. ఊకె నిలబడకు, బకెట్ పట్టు!"

వాడు నిజంగానే పట్టాడు. చేతులు నొప్పి పుట్టేదాకా పోశారు. మెల్లగా కారడం తగ్గింది.

ఉగాది పొద్దున నీళ్లు తోడేసి పడవను నదిలో దింపారు. దర్జాగా తేలింది! లైఫ్ జాకెట్ వేసుకున్న మధుసూదనరావు ఒక కాలు లోపల పెట్టబోయాడు.

"ఒక్క నిమిషం సార్!"

ప్రతిభ పడవలోకి దూకింది. ఒక్కో సందు మీద అరచెయ్యి ఆనించుకుంటూ పోయింది. పడవ ముక్కు దగ్గర చెయ్యి తడిసింది. ఒడ్డు మీద ఊరు సగం నిలబడి చూస్తోంది.

"బాపూ, ఈడ చెమ్మ వస్తుంది!" అని అందరికీ వినబడేలా అరిచింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రతిభ తలెత్తలేదు, చెయ్యి తియ్యలేదు. బాపు గ్రీజు అద్దిన దూది ఆ సందులో బిగించాడు. ఆమె మళ్లీ తడిమి చూసింది. పొడి!

"ఇగ ఎక్కుండ్రి సార్!"

"ముందట కూసో బిడ్డా," అంటూ బాపు ఆమెకూ ఒక లైఫ్ జాకెట్ తొడిగాడు.

నది నడుమ ఇంజనీరుగారి గాలం కర్ర విల్లులా వంగింది. నీళ్లు చిమ్ముతూ మూరెడు చేప పైకి లేచింది. ఒడ్డు మీద ఈలలు! పడవలో అందరూ చేపను చూస్తుంటే ప్రతిభ వంగి అడుగు చెక్కలను తడిమింది.

ఒక్క చుక్క లేదు.

అప్పుడు లేచి, రెండు చేతులూ పైకెత్తి, అందరికంటే గట్టిగా కేక వేసింది.