వీపు వెనక ఆట

"నేను ఆడను!"

గోల్‌కీపర్ చేతి తొడుగులు రెండూ వచ్చి గిన్నెల దుకాణం బల్ల మీద పడ్డాయి. పేర్చిన స్టీలు మూతలు గలగలమన్నాయి. బల్ల వెనక ఉన్న తల్లి చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. రేపు సాయంత్రమే చివరి మ్యాచ్! ఇరవై ఇళ్ళ తల్లిదండ్రులను కూడగట్టి ఈ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును ఇంతదాకా లాక్కొచ్చింది రేపటి కోసమే కదా!

"ఏమైందే బుజ్జీ? చెయ్యి నొప్పా? కోచ్ ఏమైనా అన్నాడా?"

"నేనెలా ఆడతానో నీకు తెలుసా అమ్మా? ఒక్కసారైనా చూశావా?"

"అదేమిటే! ప్రతి మ్యాచ్‌కీ వచ్చానుగా!"

"వచ్చావు... గేటు దగ్గర నిలబడ్డావు. మొహం రోడ్డుకి, వీపు మాకు! అందరి అమ్మలూ నన్ను చూశారు... మా అమ్మ తప్ప!"

లోపల తలుపు ధడాలున మూసుకుంది. ఊరందరికీ గిన్నెలమ్మి తన ఇంట్లో చిల్లుగిన్నెలో వండుకున్నట్టయింది తన పని! జట్టు కోసం తను పెట్టిన మొదటి సమావేశానికి వచ్చింది ఇద్దరే. అందులో ఒకాయన తలనొప్పని లేచిపోయాడు. అప్పుడు దుకాణం తెలివే అక్కరకొచ్చింది. గిన్నె కావాలా అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. చిన్నదా, పెద్దదా అని అడగాలి! "చిరిగిన జెర్సీలు గురువారం కుడతారా, శనివారమా?" అని దర్జీని అడిగింది. "పిల్లల్ని తీసుకెళ్తారా, తీసుకొస్తారా?" అంటే వ్యాను డ్రైవరు తికమకపడి రెండింటికీ ఒప్పుకున్నాడు! గేటు కాపలా ఒక్కటే ఎవరూ తీసుకోలేదు. బళ్ళు మైదానంలోకి రాకుండా ఆపాలి, ఏ పిల్ల ఎవరితో వెళ్తోందో చూడాలి. దాన్ని తనే తీసుకుంది. వెనక నుంచి వచ్చే కేకలను బట్టే గెలిచామో ఓడామో తెలుసుకునేది...

"ఊళ్ళో పిల్లలందరికీ తల్లివయ్యావు, కన్నపిల్లకి మాత్రం వాచ్‌మన్‌వయ్యావు!" బల్ల వెనక నుంచి అత్తగారు అంది.

"ఆ గేటు ఎవరికివ్వను అత్తయ్యా? ఎవరినడిగినా..." తొడుగులు తీసి మొహానికి అదుముకుంది.

ముసలావిడ చెయ్యి చాచింది. "ఆ ఫోనిలా ఇవ్వు. నువ్వు వెళ్ళి మొహం కడుక్కో."

మూసిన తలుపు దగ్గర బామ్మ ఏం చెప్పిందో గానీ, మర్నాడు బుజ్జి తొడుగులు పట్టుకుని వ్యానెక్కింది. తల్లితో మాత్రం మాట్లాడలేదు.

ఆమె మైదానం చేరేసరికి గేటుకు అడ్డంగా దుకాణంలోని ఎత్తు స్టూలు! దాని మీద చేతికర్రతో అత్తగారు! అటూ ఇటూ దర్జీ, డ్రైవరు!

"అత్తయ్యా! మీ మోకాళ్ళు..."

"కూర్చునే పనికి మోకాళ్ళెందుకే? సరే గానీ, ముందు వరసలో కూర్చుంటావా, రెండో వరసలోనా?"

"ముందు..." అనేసి నాలిక కరుచుకుంది.

దర్జీ పకపకా నవ్వాడు. "మీ సరుకు మీకే అమ్మేసింది చూశారా అక్కయ్యా!"

ముందు వరసలో కూర్చుని మొదటిసారి కన్నకూతురి ఆట చూసింది. నిన్నటిదాకా ఇంట్లో నాలుగు మాటలైనా గట్టిగా మాట్లాడని పిల్ల, గోలు ముందు నిలబడి జట్టునంతా నడిపిస్తోంది! ఎదుటి జట్టు దూసుకొస్తుంటే, భయంతో బిగుసుకుపోయిన తమ జట్టు పొడుగుపిల్ల మీద గట్టిగా అరిచింది: "ఎడమ పక్క ఆపుతావా, కుడి పక్కా? త్వరగా!" ఆ పిల్ల ఉలిక్కిపడి కుడికి పరుగెత్తింది. బంతి ఆగింది!

ఎవరు నేర్పారే నీకు... ఆమె కళ్ళు నిండిపోయాయి. చటుక్కున తుడిచేసుకుంది. ఏడిస్తే ఆట ఎలా కనపడుతుంది! ఏడుపు ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు.

ఆట ఆగిన క్షణంలో బుజ్జి అలవాటుగా గేటు వైపు చూసింది. అక్కడ ఆ వీపు లేదు. కంగారుగా వరసలన్నీ వెతికింది... ముందు వరస దగ్గర చూపు ఆగింది. తొడుగులు రెండూ టపటపా చరిచి, మళ్ళీ బంతి వైపు తిరిగింది.

ఈసారి మైదానంలో అందరికంటే ముందు అరిచింది ఆ తల్లే!