మరక లేని పైపు

శవం టేబుల్ మీద ఉంది. బరువు మూడున్నర కిలోలు. నాలుగు చక్రాలు, ఎర్ర బాడీ, పిడికిలంత ఇంజన్.

ప్రాణం పోయిన సమయం సాయంత్రం 4:27.

ఎస్సై మమతారాణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. రిమోట్ కారు చచ్చిపోతే పోలీసు జీపు కదలడం ఆమె పదకొండేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి. నిజానికి ఆమె వచ్చింది కారు కోసం కాదు. కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వెళ్లే దారిలో ఉన్న ఈ మట్టి ట్రాక్ మీద, రేసు ముగిసిన నిమిషానికే, అబ్బాస్ అనే మెకానిక్ ఉజ్వల్ అనే పోటీదారు చెంప పగలగొట్టాడు. ఉజ్వల్ తండ్రి ఉపేందర్‌రావు హుస్నాబాద్‌లో పలుకుబడి ఉన్న మనిషి. ఆయన ఫోన్ చేసిన అరగంటలో, 5:05కు, ఆమె ఇక్కడ దిగింది.

"నా ఇంజన్‌ను ఎవడో ఖరాబు చేసిండు మేడం," అన్నాడు అబ్బాస్. "పగటీలి మేం అన్నానికి పోయినప్పుడు ఉజ్వల్ మా టేబుల్ కాడికి వచ్చిండు. మా తమ్ముడు చూసిండు."

ఉజ్వల్ కాదనలేదు. స్క్రూడ్రైవర్ కోసం వచ్చానని, ఎవరూ లేకపోతే తిరిగి వెళ్లానని చెప్పాడు. ఆ మాట ఎవరూ నమ్మినట్టు లేదు.

అబ్బాస్ కోపానికి కారణం టెంటులో కూర్చుని టీ తాగుతోంది. పుణె నుంచి వచ్చిన రేసు కార్ల కంపెనీ మనిషి.

ఈ కార్లలో పంపు ఉండదు. సైలెన్సర్ నుంచి ఒక సన్నని సిలికాన్ పైపు ట్యాంకులోకి పోతుంది. ఆ పొగ ఒత్తిడే నైట్రో ఫ్యూయల్‌ను ఇంజన్‌కు తోస్తుంది. ట్యాంకు సగానికి దిగితే ఒత్తిడి తడబడుతుంది. ఫ్యూయల్ చాలదు, ఇంజన్ వేడెక్కుతుంది. అబ్బాస్ షాపు వాళ్లు ఆ పైపు మధ్యలో బొటనవేలంత సీసా బిగించారు. ఒత్తిడి అందులో నిలవ ఉండి, ట్యాంకు అడుగంటేదాకా ఒకేలా అందుతుంది. ఉదయం రెండు రేసుల్లోనూ ఆ కారును అందుకున్నవాడు లేడు. ఫైనల్ కూడా గెలిస్తే అబ్బాస్‌కు పుణెలో డిజైన్ సెక్షన్‌లో ఉద్యోగం. రేసు మధ్యలోనే ఇంజన్ వేడెక్కి బిగుసుకుపోయి కారు ఆగింది. డిజైన్‌లోనే లోపముందని కంపెనీ మనిషి తేల్చేశాడు. ఆరింటికి వెళ్లిపోతాడు.

"కారు ఆగినంక ఎవరు ముట్టిండ్రు?"

"నేనే," అన్నాడు అబ్బాస్ తమ్ముడు అమ్జద్. "4:28కి ట్రాక్ మీదికెల్లి తెచ్చిన."

"మీరు?"

అబ్బాస్ తల అడ్డంగా ఊపాడు. రేసు ముగిసేదాకా డ్రైవర్లు రిమోట్ పట్టుకుని నిలబడే మంచె దిగకూడదు. అది రూలు. ఫైనల్ 4:32కు ముగిసింది. ఉజ్వల్ కూడా అప్పటిదాకా మంచె మీదే ఉన్నాడు. 4:33 నుంచి ట్రాక్ జడ్జి గంగయ్య కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈగను కూడా వాలనివ్వలేదు.

మమతారాణి తండ్రి శ్రీరాంపూర్ గనుల్లో పంపు ఆపరేటర్. పైపులంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పరిచయమే. ఒక్కో పైపునూ ఊడదీసింది. నీళ్లలో ముంచి ఊదింది. ఒక్క బుడగ రాలేదు.

పైపులు బాగుంటే తప్పు డిజైన్‌దేనని అబ్బాస్‌కు అర్థమైంది. తన కష్టమంతా బూడిదైందనుకున్నాడు పాపం.

ఆమె దూది పుల్ల అడిగింది. సీసాకూ ట్యాంకుకూ మధ్య పైపులో తిప్పింది. ముదురు గోధుమ రంగు జిడ్డు. ఉజ్వల్ కారు పైపులోనూ అదే జిడ్డు. సైలెన్సర్‌కూ సీసాకూ మధ్య పైపులో తిప్పింది. పుల్ల తెల్లగానే వచ్చింది.

"పాత పైపు ముక్కలు మళ్లీ వాడుతరా?" అని వాళ్ల పనిముట్ల డబ్బా నిండా ఉన్న ముక్కలను చూపిస్తూ అడిగింది.

"మా షాపుల పాతది పెట్టం మేడం. కొత్తది కోసి, స్పిరిట్‌తోని కడిగి పెడుతం. తమ్మునికి నేనే నేర్పిన."

5:45కు ఆమె అందరినీ టెంటులోకి పిలిచింది.

"పదిహేను నిమిషాలు ఉరికిన కారు. పొగ మొట్టమొదలు పోయేది ఈ పైపులకెల్లే. జిడ్డు అన్నిటికంటే ఎక్కువ ఇండ్లనే ఉండాలె. చుక్క లేదు. అంటే ఇది కారు ఆగినంక పెట్టిన పైపు. 4:28కీ 4:33కీ నడుమ. అప్పుడు కారు ఒక్కని చేతులనే ఉండె."

అందరూ అమ్జద్ వైపు తిరిగారు.

"మీ డబ్బా నిండ జిడ్డు పట్టిన పాత ముక్కలే. అండ్ల ఒకటి పెడితే నాకు దొరకకపోదువు," అంది. "కాని నీ చేతికి మీ అన్న నేర్పిన పని అట్లాంటిది. గా తొందరల సుత కడిగి పెట్టినవు."

అమ్జద్ జేబులోంచి అసలు పైపు తీసి టేబుల్ మీద పెట్టాడు. మధ్యలో సూది బెజ్జం. ఒత్తిడంతా అందులోంచే కారిపోయింది.

అబ్బాస్ ఆ పైపును వెలుతురుకు ఎత్తి చూశాడు. తల్లిదండ్రులు పోయాక పన్నెండేళ్లు అన్నం పెట్టి పెంచిన తమ్ముడు. వాడి మాట నమ్మే ఉజ్వల్ మీద చెయ్యి చేసుకున్నాడు.

"ఎందుకురా?"

"గా సీసా పెడుదామన్నది నేను భయ్యా. ఆర్నెల్లు తిప్పలువడ్డది నేను. కంపెనీ ఫారంల నీ పేరొక్కటే రాసినవు. నిన్న చూసిన."

"ఆలోచన నీదే. నేను కాదన్ననా?" అన్నాడు అబ్బాస్. "నీ పేరైతేంది, నా పేరైతేంది, ఒకటే అనుకున్న."

కంపెనీ మనిషికి తెలుగు రాదు. సూది బెజ్జం మాత్రం అర్థమైంది. డిజైన్‌లో లోపం లేదన్నమాట. హుషారుగా లేచి ఫారం బయటికి తీశాడు. ఈ సీసా ఆలోచన ఎవరిదని అబ్బాస్‌ను హిందీలో అడిగాడు.

సమయం 5:56.

అబ్బాస్ తమ్ముడి వైపు చూడలేదు.

"నాదే సార్," అని పెన్ను అందుకున్నాడు.

మమతారాణికి ఒళ్లు మండిపోయింది. ఈ టెంటులో ద్రోహం చేసినవాళ్లు ఇద్దరు. ఒకడి మీద రాయడానికి సెక్షన్లున్నాయి. రెండోవాడు తమ్ముడికి చేసినదానికి ఏ సెక్షన్ కిందా కేసు లేదు. అన్న సంతకం పూర్తయ్యేదాకా అమ్జద్ అక్కడే నిలబడి చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్లి జీపులో కూర్చున్నాడు.