చిలుము పట్టిన పిల్లాడు

ఆ ఉదయం కోడిగుడ్లు గిలక్కొట్టడానికి తల్లి గాజు గిన్నె కోసం వెతికింది. అది కిటికీ గట్టు మీద కనిపించింది. లోపల పచ్చటి నీళ్ళు, పైన తెట్టు, అడుగున గజ్జి పట్టినట్టు పొక్కులు పొక్కులుగా కొన్ని నాణేలు. మూత తీయగానే మురిక్కాలువ వాసన గుప్పుమంది.

అవి కొడుకువి. వాడు పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేస్తాడు. పగలంతా పరాయివాళ్ళ పళ్ళు అరగదీసి, ఇంటికొచ్చి రోమన్ల కాలం నాటి నాణేలను నానబెట్టి, ల్యాబులో వాడేలాంటి సూదితోనే వాటి మీది మట్టి గీకుతాడు. ఆ గోళ్ళతోనే భోజనం. అది ఏ శవం నోట్లోంచి తీసిన చిల్లరో అని ఆమె భయం. చిలుము కడుపులోకి పోతే పేగులు కుళ్ళుతాయని ఎవరో చెప్పారు. ఎవరో గుర్తులేదు గానీ భయం మాత్రం బాగా గుర్తుంది.

వాడికి కాస్త చెప్పమంటే భర్త పేపరు దించలేదు. "నేనూ పాతబడ్డాను కదా. ఎక్కువ మాట్లాడితే నన్నూ నానబెడతాడు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇద్దరూ పనులకు వెళ్ళాక చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నాణేల మీద వెనిగర్ పోసి స్టీలు పీచుతో తోమింది. పచ్చటి జిగురు వేళ్ళ మధ్య జారుతుంటే వాంతి వచ్చినంత పనైంది. చివరికి రాగి తళతళలాడింది. హమ్మయ్య అనుకుని శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టింది. గిన్నెను చెత్తబుట్టలో పడేసింది.

సాయంత్రం వాడు వాటిని ఒక్కొక్కటే లైటు కింద పట్టి చూశాడు. గుండీల్లా నున్నగా ఉన్నాయి.

"ముఖాలేవమ్మా?"

"మురికి పోయింది. ముఖం అడుగున ఉంటుందిగా."

"అడుగున ఏమీ ఉండదు. ఇన్నేళ్ళకి ముఖమంతా ఆ చిలుములోనే మిగులుతుంది. నువ్వు తోమేసింది దాన్నే."

"ఆ రోతంతా నా వంటింట్లో ఎందుకురా?"

"ముందు నా పని రోత. తర్వాత నా చేతులు. నేను తాగిన గ్లాసు కూడా వేరుగా కడుగుతావు, నేను చూడట్లేదనుకున్నావా? ల్యాబు పక్కన గది ఖాళీగా ఉంది. రేపు వెళ్ళిపోతా."

వాడు సగం తాగిన గ్లాసు తన గదిలో బల్ల మీద పెట్టి, బట్టలు సంచిలో సర్దడం మొదలెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. ఆ గదిలో కరెంటు తీగలు ఎలా ఉంటాయోనంది. రోడ్డు మంచిది కాదంది. జ్వరమొస్తే చూసే దిక్కుండదంది. బల్ల మీద ఇంకో నాణెం ఉంది, పొద్దున ఆమె చేతికి దొరకనిది. దాని మీది ముఖాన్ని వేలితో చూపించింది.

"ఎవడ్రా వీడు, వీడి కోసం నన్ను వదిలిపోవడానికి?"

వాడు చొక్కా మడతపెడుతూనే చెప్పాడు. పదేళ్ళ పిల్లాడు. తండ్రి చక్రవర్తి అయ్యాక వీణ్ణీ ఏలికను చేశారు. ఏడాదికి కాస్త అటూ ఇటూగా అదీ ముగిసిపోయింది. రోమ్ చేతికింది దూరపు ఊళ్ళు వీడి బొమ్మతో నాణేలు కొట్టాయి. చెక్కినవాళ్ళలో వీణ్ణి చూసినవాళ్ళు తక్కువే అయ్యుంటారు. అందుకే ఒక ఊళ్ళో బొద్దుగా, ఇంకో ఊళ్ళో ముసలాడిలా ఉంటాడు. అసలు ముఖమేదో తెలుసుకోవాలనే తను వాటిని పోగేస్తున్నాడు.

"ఏమయ్యాడు మరి?"

"తండ్రి ఓడిపోయేసరికి, ఎక్కడైనా క్షేమంగా ఉంటాడని దూరంగా పంపేశారు. దారిలోనే పట్టుకుని చంపేశారు."

ఆమె సంచి పక్కనే మంచం మీద కూలబడింది. కాసేపటికి భూతద్దం అడిగింది. ఊపిరి బిగబట్టి చూసింది. పచ్చటి పొక్కుల మధ్య ఒక ఉబ్బిన బుగ్గ. తిట్లు తిన్నట్టు ముడుచుకున్న మూతి. కళ్ళు మసకబారాయి.

"చెవులు నీలాగే ఉన్నాయి," అంది. "నాకిప్పటికీ రోతేరా. అబద్ధం చెప్పను. కానీ వెళ్ళకు."

వాడు ఆ చొక్కా సంచిలో పెట్టాడు. ఆమె లేచి బల్ల మీది గ్లాసు తీసుకుంది. వాడు మిగిల్చిన నీళ్ళు, కళ్ళు గట్టిగా మూసుకుని, చేదుమందు తాగినట్టు గటగటా తాగేసింది. అంచు మీద వాడి వేళ్ళ పచ్చటి మరక ఉంది.

ఆమె ముఖం చూసి వాడికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి చొక్కా బయటికి తీశాడు.