అయ్యగారి వెనక తలుపు

చర్చి వెనక సందు పేరెత్తితే చాలు, రాత్రిపూట మా వాళ్ళకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. మీసాలున్న మగాళ్ళు కూడా చుట్టుదారి పట్టేవారు. ఒక పక్క ఎత్తయిన గోడ, ఇంకో పక్క మా పాస్టరు అయ్యగారి వెనక గది తలుపు. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఆ తలుపు తట్టిన చప్పుడు మొదలైంది... మెల్లగా, ఆగి ఆగి. ఆ తర్వాత సన్నగా ఏడుపు.

పాలాయన విన్నాడు. మంగలి విన్నాడు, విన్నది చెబుతూ కూర్చుంటే గడ్డాల మీద నురగ ఆరిపోయేది. అయ్యగారే తన గదిలోకి వెళ్ళలేక తలుపు తడుతున్నారని అందరూ తేల్చేశారు. దగ్గరికెళ్ళి చూసిన మొనగాడు మాత్రం లేడు.

అయ్యగారంటే మాకు ప్రాణం. పెళ్ళికి ఆలస్యంగా వచ్చేవారు, చావింటికి మాత్రం అందరికంటే ముందుండేవారు. నుదుటి మీద కళ్ళజోడు పెట్టుకుని దానికోసం జేబులన్నీ తడుముకునేవారు. ఆ వెనక తలుపుకి ఏనాడూ గడియ పెట్టలేదు. గుండె బరువెక్కినవాళ్ళు ఏ వేళప్పుడైనా ఒకసారి తట్టి లోపలికి వెళ్ళి కూర్చునేవారు. ఎవరొచ్చారో, ఎందుకు ఏడ్చారో ఆ గది దాటి బయటికి పొక్కేది కాదు.

అలాంటాయన్ని ఘనంగా తలుచుకోవాలని కమిటీ వేశారు. దానికి పెద్ద మా పెదనాన్న. ఇనప సామాన్ల కొట్టు ఆయనది, మాట కూడా కాస్త ఇనుమే. అయ్యగారి గది ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నాడు. చెప్పులు అద్దాల పెట్టెలో పెట్టించాడు. కుర్చీలో ఎవరూ కూర్చోకుండా అడ్డంగా తాడు కట్టించాడు. వెనక తలుపుకి బయటివైపు తన కొట్లోని అన్నిటికంటే పెద్ద తాళం వేశాడు. దానికి సరిగ్గా పైన పాలరాతి పలక బిగించారు. ‘ఈయన తలుపు ఎవరికీ మూసి ఉండేది కాదు’ అని దాని మీద బంగారు రంగు అక్షరాలు.

కింద తాళం, పైన ఆ మాట! బిగిస్తుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. అంత మందిమి ఉన్నాం, ఒక్క బుర్రా వెలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సంవత్సరం తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక రేపనగా కమిటీ రాత్రి దాకా కూర్చుంది. వేదిక మీద పెట్టాల్సిన అయ్యగారి కళ్ళజోడు గదిలోనే ఉండిపోయిందని ఎవరికో గుర్తొచ్చింది. తెచ్చేదెవరు? అందరూ చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టారు. దెయ్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదని పెదనాన్న కసిరి, టార్చిలైటు పట్టుకుని చర్చి లోపలి వైపు నుంచి ఆ గదిలోకి వెళ్ళాడు.

కళ్ళజోడు బల్ల మీదే ఉంది. చెయ్యి చాచాడు...

టక్... టక్.

వెనక తలుపే.

పెదనాన్నకి టార్చి ఆర్పుదామంటే వేలు కదల్లేదు. తలుపు కింది సందులోంచి ఆ వెలుగు బయటికి పాకుతోంది. తట్టడం ఆగిపోయింది. బయట ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

“అయ్యగారూ... వచ్చారా?”

ఆ గొంతు ఆయనకి తెలుసు. పొద్దున్నే కాఫీ ఇచ్చేటప్పుడు వినే గొంతే. మా పెద్దమ్మది.

“మొదట్లో ఊరికే వచ్చేదాన్ని. మీరు తిరుగుతున్నారని అందరూ భయపడుతుంటే నాకు ఆశ పుట్టిందండీ,” అంటోంది, తలుపుకి మొహం ఆనించి. “మా ఆయన కమిటీకి వెళ్ళినప్పుడల్లా వస్తున్నాను. తాళం ఉందని తెలుసు... తట్టకుండా కూర్చోబుద్ధి కాదు.”

వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల జ్వరంతో పోయింది. నెల తిరక్కుండానే పెదనాన్న దాని ఫొటో గోడ మీద నుంచి దించేశాడు. ఇంట్లో దాని పేరు ఎత్తొద్దన్నాడు. ఏడుస్తూ కూర్చుంటే బతకలేమనేది ఆయన లెక్క. పెద్దమ్మ మళ్ళీ ఏడవలేదు కూడా. తేరుకుందనే ఆయన అనుకున్నాడు.

“మీ చెప్పులు అద్దాల పెట్టెలో పెట్టించారటండీ ఆయన,” అంది. “మా పిల్ల గౌను ఎక్కడ దాచారో మాత్రం చెప్పరు... ఒక్కసారి తలుపు తియ్యండి. దాని పేరు గట్టిగా పిలుచుకుని వెళ్ళిపోతాను.”

పెదనాన్న తలుపు దగ్గరికి వచ్చాడు. తియ్యాలి. కానీ తాళం ఆమె వైపు ఉంది, చెవి ఈయన జేబులో ఉంది. పిలుద్దామంటే, నేనే అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

వంగి తాళాల గుత్తిని తలుపు కింద నుంచి బయటికి తోశాడు.

ఆ గుత్తిలోనే ఇంటి తాళంచెవి ఉంది, బీరువాదీ ఉంది. అవి ఎవరివో ఆమెకి చీకట్లో కూడా తెలుస్తుంది.

చాలాసేపటికి తాళం తిరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. దెయ్యానికి భయపడని మనిషి మొగుణ్ణి చూసి భయపడింది. అది చూసి ఆయనకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆమె వెనక్కి తిరగబోయింది.

“గౌను కొట్లో ఉంది. గల్లా పెట్టె కింద,” అన్నాడు ఆయన. “నేనూ అప్పుడప్పుడూ తీసి చూస్తాను.”

కుర్చీకి కట్టిన తాడు తనే విప్పాడు. ఆమెని కూర్చోమని, తను బయటికి వచ్చి మెట్టు మీద చతికిలబడ్డాడు. లోపల పెద్దమ్మ పిల్ల పేరు పెట్టి ఏడుస్తుంటే తెల్లవారేదాకా విన్నాడు.

మర్నాడు కూడికలో పెదనాన్న ప్రసంగం చెయ్యలేదు. తాళం తీసి కొట్లో పడేశాడు, పలక తనే ఊడదీశాడు. నాకిదంతా పెద్దమ్మ చెప్పింది. ఆయన పక్కనే ఉన్నాడు గానీ తలెత్తలేదు.

సందుకి మాత్రం చెడ్డపేరు పోలేదు. ఇప్పటికీ కొన్ని రాత్రుళ్ళు ఆ మెట్టు మీద బరువైన ఆకారమొకటి తల వంచుకుని కూర్చుంటుందట. లోపల ఎవరో ఏడుస్తుంటారట. ఎవరైనా సందులోకి వస్తే ఆ ఆకారం మాట్లాడకుండా పక్కకి జరిగి దారి ఇస్తుందట.