తీగకు కుట్టిన కోటు

అత్తగారు పోయింది గానీ ఆవిడ పెత్తనం పోలేదు. వంటింటి గోడకి ఎగబాకిన పూలతీగ రూపంలో పెరట్లోనే ఉంది. ఏడాది పొడుగునా ఆకు రాల్చదు, ఎండాకాలమంతా తెల్లగా విరగబూస్తుంది. మంచు పడితే మాత్రం ఒక్క రాత్రికే మాడి చస్తుంది. "దాన్ని చలికి వదిలేశావో, నేను ఊరుకోను," అని ముసలావిడ మంచం మీంచి వేలు చూపించి మరీ చెప్పి కన్నుమూసింది.

కోడలు టైలరు. అందరిలా గోనెపట్టా చుడితే సరిపోయేది. చేతిలో పనితనం ఉంటే ఊరుకోదుగా! తీగ మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి, టేపు పెట్టి కొలతలు తీసుకుంది. అత్తగారి పాత ఉన్నికోటు కుట్లు విప్పి, గోడమీద అటూ ఇటూ పాకిన రెండు కొమ్మలకీ సరిపడా చేతులు పెట్టి, మెడ దాకా గుండీలు కుట్టింది. తొడిగి చూసి తనే నవ్వుకుంది.

"అత్తయ్యా, అచ్చం మీలాగే ఉంది!"

ఆ నోరు ఊరుకుంటే బాగుండేది.

రోజూ పొద్దు వాలగానే తొడగడం, తెల్లారి విప్పడం. ఒక సాయంత్రం మాత్రం గుండీలు పట్టలేదు. చలికాలంలో తీగ పెరగదే! కోటు లోపల చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. మనిషి ఒంటి వెచ్చదనం... అత్తగారు మోకాళ్ళకి రాసుకునే మందు వాసన. కోటు కుడి చేతిలోంచి బయటికొచ్చిన లేత కొస, పిల్ల పడుకునే గది కిటికీ వైపు వంగి ఉంది.

కిటికీ వెనకాల కూతురు నిలబడి ఉంది. నానమ్మ పక్కలో తప్ప నిద్రపోని పిల్ల.

"అమ్మా," గుసగుసగా అంది, "నానమ్మ లోపలికి రానా అని అడుగుతోంది."

"నువ్వేమన్నావే?"

"అమ్మనడిగి చెప్తానన్నా."

తల్లికి ఒళ్ళు మండింది. బతికుండగా సాధించింది చాలదా, చచ్చి సాధిస్తావా? నా పిల్ల జోలికొస్తావా? కోటు ఊడబెరికి, ఇంట్లోకి తెచ్చి, పెట్టెలో కుక్కి తాళం వేసింది. తీగని అలాగే వదిలేసింది. మంచుకి చావనీ, పీడా విరగడవుతుంది. మొగుడికి రాత్రి డ్యూటీ. తాళంచెవి గుప్పిట్లో బిగించి పిల్ల గది గుమ్మంలో కూలబడింది.

చీకటి పడింది. బయట గోడమీద ఏదో గీరుతోంది... ఆగింది. మళ్ళీ గీరింది... ఆగింది. తర్వాత ఇంకో చప్పుడు. కరకర... కరకర... కత్తెర. ఇంట్లోనే. లేవబోయింది. కాళ్ళు రాలేదు.

తెల్లారింది. తీగ నల్లగా మాడి గోడకి వేలాడుతోంది. పెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. హమ్మయ్య అనుకుని, పిల్లని లేపడానికి దుప్పటి తీసింది.

పిల్ల ఒంటిమీద ఉన్నికోటు. పిల్ల కొలతకి సరిగ్గా కత్తిరించి, మెడ దాకా గుండీలు పెట్టి ఉంది. అంతా చేతికుట్టు. దారం పచ్చగా, తడిగా... అది దారం కాదు.

"రాత్రి నానమ్మ కొలతలు తీసుకుందమ్మా," పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది. "చేతులు ఎంత చల్లగా ఉన్నాయో!"

తల్లి గుండీలు పట్టి లాగింది. ఒక్కటీ రాలేదు. కాలరు అంచున తెల్లటి మొగ్గ ఒకటి మెల్లగా తలెత్తింది.

"అమ్మా... మెడ దగ్గర కాస్త బిగుతుగా ఉంది."